ఇరవై మూడో టోకెన్

"తాతా, ఫోన్ల రికార్డింగ్ పెట్టిన. ఇగ చెప్పు. నీకు షీల్డొచ్చిన ఆ నమూనా క్యాంపుకు గంతమందిని ఎట్ల జమ చేసినవ్?"

పెట్టినవా? ఎర్ర చుక్క కనవడ్తున్నది, ఆ. జర అటు జరుపు బిడ్డా, నా దగ్గంత దాంట్ల పడ్తది. గంతమందిని ఎట్ల జమ చేసినవ్ అని అడుగుతున్నవ్. మంచిగనే అడిగినవ్. పదమూడేండ్లాయె... కాదు, పన్నెండు, మీ అత్త లగ్గమైన మల్లేడు గదా. పన్నెండేండ్ల సంది ఈ మాట ఎవలన్న అడుగుతరేమో అని భయపడుకుంటనే ఉన్న. ఒక్కలు అడగలే. అందరు షీల్డు సూసి శభాష్ అన్నోళ్లే. నా మనవరాలే అడగాలెనని రాసిపెట్టి ఉన్నట్టున్నది.

నువ్విప్పుడు మన సేవా క్లబ్బుకు సెక్రటరీవైనవ్, సంతోషం. ఆదివారం మల్ల గదే ఫంక్షన్ హాల్ల శిక్షణ. నీ చేతుల ఉన్న కాయితం సూడకున్నా నాకెర్కే. పొద్దుగాల నాయకత్వ లక్షణాలు, పగటీలి భోజనం, భోజనమైనంక నమూనా క్యాంపు. గంతే గదా? అగో, నవ్వుతున్నవ్. పన్నెండేండ్లల్ల మానుకోట జిల్లా అయింది, నా నోట్లె పండ్లు పోయినయ్, ఆ కాయితం మాత్రం మారలే.

నేను క్లబ్బుల ఎందుకు చేరిన్నో ముందుగాల చెప్పాలె. మా బాపు ఉన్నప్పుడు మనది ఉప్పు, కిరసనాయిలు దుకాణం. చాయ ఇరవై పైసలున్న దినాలు. నేను పదో తరగతి కాంగనే గల్లపెట్టె ముంగట కూసున్న, మల్ల లేవలే. విత్తనాలు, మందులు, ఎరువులు అన్నీ నేనొచ్చినంకనే పెట్టినం. నాలుగు పైసలొచ్చినయ్ గని మైకు ముంగట నిలవడుమంటె ఎనక వరుసకు జరిగేటోన్ని. క్లబ్బుల ప్రెసిడెంటుకు మెడల ఒక పట్టీ ఏస్తరు సూడు, ఎర్రది, బిళ్లలు బిళ్లలు ఉంటది. దాని మీద పడ్డది నా మనసు. సేవ మీద గాదు. అబద్ధమెందుకు ఆడాలె ఇప్పుడు.

సేవ చెయ్యలే అంటలేను. చలికాలం దుప్పట్లు పంచినం, ఎండకాలం చలివేంద్రం పెట్టినం, బడి పిల్లగాండ్లకు నోట్‌బుక్కులిచ్చినం. గని దుప్పటి ఒకటైతె దాన్ని పట్టుకున్న చేతులు ఎనిమిది ఉండేటియి. తీసుకునేటి ముసలాయనేమో ఎనకెక్కన్నో ఉంటుండె. ఫోటోగ్రాఫరు ఇంకోసారి అన్నప్పుడల్లా ఇచ్చిన దుప్పటి మల్ల గుంజుకోని మల్ల ఇచ్చేది. మాకు తప్పనిపించలే. అందరం గట్లనే చేసేది.

ఇగ ఆ యేడు శిక్షణ మన ఊర్లె పెట్టిన్రు. జనగామ, భూపాలపల్లి, రేగొండ, మొగుళ్లపల్లి, అన్నిదిక్కుల క్లబ్బులోళ్లు వచ్చిన్రు. నేనే ప్రెసిడెంటును, ఇల్లు నాది లెక్క. శిక్షణ ఇచ్చేటందుకు ఒక సారొచ్చిండు, పేరెందుకు లే, ఇప్పుడు ఏడున్నడో ఏమో. మంచోడే. మైకు గదువకు నాలుగు వేళ్ల దూరం పెట్టాలె అని చెప్పిండు. చేతులు జేబుల పెట్టొద్దు. ఒక్కదిక్కే సూసుకుంట మాట్లాడొద్దు. ఇంకోటి చెప్పిండు. వచ్చినం, పోయినం అనొద్దట, వచ్చాము, వెళ్లాము అనాలెనట. అట్లయితెనే పబ్లిక్‌ల మర్యాద ఉంటదట. భూపాలపల్లి ఆయన ఒకాయన లేసి, సార్ మా దిక్కు అందరం గిట్లనే మాట్లాడ్తం, ఎవ్వలు మర్యాద తక్కువ చెయ్యలే అన్నడు. హాలంత నవ్వింది. నేను గూడ నవ్విన. ఆయన ముఖం చిన్నగయింది. అది గూడ నాకు యాదికే ఉన్నది, గని అది చిన్న సిగ్గు. పెద్దది ముంగట ఉన్నది.

నమూనా క్యాంపంటె నీకెర్కే. నిజం క్యాంపు కాదు. కండ్ల క్యాంపు పెడితె ఎట్ల పెట్టాలె, లైను ఎట్ల నిలవెట్టాలె, టోకెన్లెట్ల ఇయ్యాలె, నీళ్లేడ పెట్టాలె, అన్ని నేర్చుకునేటందుకు ఉత్తుత్తగ చేసుడు. మన సభ్యులే రోగుల లెక్క కూసుంటరు, ఒకలు కన్ను మూసుకోని కుంటుకుంట వస్తరు, అందరు నవ్వుతరు, అయిపోతది. సారు గూడ గట్లనే చెయ్యుమన్నడు. అది నువ్వు గుర్తు పెట్టుకో. ఆయన నన్ను ఏం తప్పు చెయ్యుమనలే. తప్పు నా బుర్రల పుట్టింది.

నాకేమనిపించిందంటె, ఇన్ని ఊర్లోళ్లు వస్తున్నరు, మన మానుకోట ఇజ్జత్ కనపడాలె. నిజంగ ముసలోళ్లు, నిజంగ లైను ఉంటె సారు ఖుషీ అయితడు. మార్కులేస్తరు గదా, ఎక్కువొచ్చినోళ్లకు షీల్డు.

బయ్యారం దిక్కు తండ నుంచి భద్రు మన దుకాణానికి వస్తడు గదా, నువ్వు మామా అంటవ్ సూడు, ఆయనే. అప్పటికే పదేండ్ల సంది మన దగ్గర్నే మిరప విత్తనం కొంటుండె. పాకిట్ మీద ఏమున్నదో సూడడు, సేటు నువ్వేది ఇస్తె అదే అంటడు. ఆ రోజు వచ్చిండు. నేనన్న, భద్రూ, ఆదివారం కండ్ల క్యాంపు పెడ్తున్నం, మీ తండల ముసలోళ్లు ఓ నలభై మందిని తోలుకరా అన్న. ఆయన సోంచాయించిండు. మిర్చి ఏరుతున్న టైం సేటు, ఒక్క దినం పోతె కాయ రాలిపోతది, ముసలోళ్లు ఒక్కలే రారు, ఎంబడి ఒకలు రావాలె, ఆళ్ల కూలి పోతది అన్నడు. అని, నా ముఖం సూసి, డాక్టర్లు వస్తరా సేటు అన్నడు.

గప్పుడు నేను చెప్పొచ్చు. భద్రూ, ఇది ఉత్తుత్త క్యాంపు, మాకు శిక్షణ కోసరం, అనొచ్చు. చెప్తె ఎవడొస్తడు బిడ్డా, మిర్చి ఇడిసిపెట్టి. అందుకే, అందరొస్తరు నువ్వు తోలుకరా అన్న.

అందరొస్తరు. గంతే. నువ్వడిగినదానికి జవాబు గదే. అబద్ధం చెప్పి జమ చేసిన.

మీ నాయినమ్మ పులిహోర కలుపుకుంట ఒక్కటే మాట అడిగింది. డాక్టరెవలు అన్నది. నువ్వు చింతపండు పులుపు సూసుకో అన్న. ఆమె మల్ల మాట్లాడలే. ఆమె మాట్లాడకపోతె నాకు అన్నం ఒంటబట్టదు, గని ఆనాడు మంచిగనే తిన్న.

ఆదివారం పొద్దుగాల్నే ట్రాక్టర్ల వచ్చిన్రు. నలభై మంది గాదు, యాభై దాటిన్రు. అందరు మంచి బట్టలు కట్టుకున్నరు. దవాఖానకు పోయేటప్పుడు మనమైతె పాత బట్టలతోని పోతం, ఆళ్లు మాత్రం సేటు పిలిచిండని ఉన్నదాంట్ల మంచియి కట్టుకోని వచ్చిన్రు. అద్దాల రైకలు, మోచేతి దాంక గాజులు. భద్రు వాళ్ల అమ్మ సక్రమ్మ గూడ వచ్చింది. కోడలు చెయ్యి పట్టుకోని దింపింది. ఎడమ కన్ను అప్పటికే పోయింది, కుడి కన్నుకు మసక మసక కనవడ్తుండె. మనిషి ఎండిన పుల్ల లెక్క ఉన్నది గని నిటారుగ నిలవడేది.

టోకెన్లు నేనే చేసిన. మీ అత్త లగ్గం పత్రికలు మస్తు మిగిలినయ్. మన ఇంట్ల ఏది పారేస్తం చెప్పు. వాటిని చిన్నచిన్నగ కత్తిరిచ్చి ఎనకదిక్కు నంబర్లేసిన. కత్తిరిచ్చినప్పుడు కొన్నిటికి పూలొచ్చినయ్, కొన్నిటికి అక్షరాలొచ్చినయ్. సక్రమ్మ చేతికొచ్చింది ఇరవై మూడు, దాని మీద వినాయకుని బొమ్మ ఉండె. కోడలు చెప్పింది కావొచ్చు, దేవుని బొమ్మున్నదని. ఆమె దాన్ని కండ్లకద్దుకున్నది. నేను పక్కనే ఉన్న. ఫోటో తియ్ ఫోటో తియ్ అన్న ఫోటోగ్రాఫర్‌ను.

మైకు పట్టుకున్న. గదువకు నాలుగు వేళ్ల దూరం. ఎనకకు జరగలే. ఈనాడు మనము నిర్వహించుచున్నది ఒక నమూనా శిబిరము, దీని ముఖ్య ఉద్దేశము సభ్యులకు అవగాహన కల్పించుట, అని చదివిన. చప్పట్లు. ఆ తండోళ్లు గూడ కొట్టిన్రు, మేం కొడ్తున్నమని. ఇండ్లల్ల ఆళ్ల బాస ఆళ్లది, మన దుకాణంల మాట్లాడే తెలుగు వస్తది ఆళ్లకు, నేను చదివిన తెలుగు నాకే సగం రాదు. చాన యేండ్లు నాకు నేను ఏమని చెప్పుకున్ననో ఎర్కేనా? నేను మైకుల చెప్పిన, ఆళ్లకు సమజ్ గాకపోతె నేనేం చెయ్యాలె, అని.

ఉత్తదే. సమజ్ గావొద్దనే గట్ల చెప్పిన. సక్రమ్మా, ఈడ డాక్టరు లేడు అని మూడు మాటలు చాలు. ఆ మూడు మాటలు నా నోట్లె ఉండె. జర నీళ్లియ్యి.

ఆ. ఇగ డాక్టరు ఏషం ఎవలు కట్టాలె అంటె, జనగామ నుంచి ఒక బట్టల దుకాణమాయన ఉండె, మనిషి తెల్లగ, ఎత్తుగ. కాలేజీ నుంచి తెల్లకోటు తెప్పిచ్చినం. చేతుల టార్చిలైటు. ఆయన గూడ ఆ నిమిషం దాంక తమాష అనుకున్నడు పాపం. ముందుగాల ఇద్దరు ముగ్గురిని సూసి నా దిక్కు తిరిగి, అన్నా, గీళ్లు నిజంగనే చెప్తున్నరే అన్నడు. నేను కన్నుకొట్టి, కానీ కానీ అన్న.

సక్రమ్మ కూసున్నది. ఆయన లైటేసిండు. ఆమె మొత్తం చెప్పింది. ఎడమది ఎట్ల పోయింది, ఎప్పుడు పోయింది, దీపం సుట్టు రంగుల గుండ్రం కనవడ్తదని, నాత్రి నొసలు గుంజుతదని, పక్కకు ఎవలున్నరో తెలుస్తలేదని. మనోళ్లు సుట్టు నిలవడి సూస్తున్నరు. సారు కాయితం మీద మార్కులేస్తున్నడు. రోగికి స్వాగతం పది, వరుస పది, తాగునీళ్లు పది, వేదిక, ఉపన్యాసం, ఫోటోలు. గవే ఉన్నయ్ దాంట్ల. ఆయన పెన్ను నడుస్తున్నది. జనగామాయనకు ఏం చెప్పాలెనో తెల్వక నా దిక్కు సూసిండు. రోగికిచ్చే కార్డు మీద ఏదన్న రాయాలె గదా, రాయకపోతె నిండుగ ఉండదు. నేను చెవుల చెప్పిన, ఆపరేషన్ అని రాయ్, దవాఖానకు తోలుకపోను బస్సు వస్తదని చెప్పు. రాసిండు. కింద గీకుడు సంతకం పెట్టిండు. ఆమె రెండు చేతులెత్తి ఆయనకు దండం పెట్టింది. ఆయన కోటు ఇప్పేసి బయటికి పోయి సిగరెట్ ముట్టిచ్చిండు. మల్ల మన ఊరికి రాలే ఆ మనిషి. నాకన్న నయం.

షీల్డు మనకే వచ్చింది. పులిహోర పొట్లాలిచ్చి ట్రాక్టరెక్కించినం. సక్రమ్మ నా చెయ్యి దొరకవట్టి, సేటు నీ పిల్లలు సల్లగుండాలె అన్నది. నువ్వప్పుడు ఐదో ఆరో సదువుతున్నవ్. ఆ దీవెన నీకు గూడ తాకింది.

నెల రోజులకు వచ్చింది దుకాణానికి. కార్డు, టోకెను, ఆధారు, అన్ని ఒక పాలితిన్ల సుట్టి బొడ్ల దోపుకోని వచ్చింది. బస్సెప్పుడొస్తది సేటు అన్నది. వచ్చే నెల అన్న. నోట్లెకెల్లి గట్లనే వచ్చింది, ఆలోచించుకునుడు లేదు. ఆమె నమ్మిపోయింది.

రెండోసారి, మూల మీద ఆమె కట్టె చప్పుడినంగనే లేసి ఎనక గోదాంలకు పోయిన. గుమాస్తాతోని, ఖమ్మం పోయిండని చెప్పు అన్న. యూరియా బస్తా మీద కూసున్న. ఇంత వయసొచ్చినోన్ని, నా దుకాణంల నేనే దొంగ లెక్క ఊపిరి బిగవట్టి కూసున్న. గుమాస్తా చెప్పిండు. ఆమె ఏమన్నదో ఇనవడ్డది. పర్వలేదు, ఆయనకు మస్తు పనులుంటయ్, సేటు మర్శిపోడు అన్నది. ఆ మాట ఇప్పటికి గూడ అన్నం కాడ యాదికొస్తది నాకు.

మూడోసారి సంగతి చెప్త, ఇది మీ నాయినమ్మకు గూడ చెప్పలే. ఆమె పోయింది గని చెప్పలే. ఆ రోజు కట్టె చప్పుడు ఇనలే నేను. తలెత్తి సూస్తె సక్రమ్మ ముంగటున్నది. గల్లకు అటు ఆమె, ఇటు నేను, రెండు మూరల దూరం. లేద్దామంటె కుర్చీ చప్పుడయితది. గుమాస్తా ఆయనంతల ఆయనే అన్నడు, సేటు లేడవ్వ, ఖమ్మం పోయిండు అని. నేను చెప్పలే ఆయనకు. అలవాటైంది. ఆమె నా దిక్కే సూస్తున్నది. కన్ను నా మీదనే ఉన్నది, గని సూపు లేదు. గప్పటికి కుడిది గూడ చాన మటుకు పోయింది కావొచ్చు. ఆమెకు నేను కనవడ్తలేను అని నాకు తెలిసింది. తెలిసి, నేను మాట్లాడకుండ కూసున్న.

నోట్లె జర్దా పాన్ ఉండె. నమలుడు ఆపిన.

ఆమె పాలితిన్ మల్ల బొడ్ల దోపుకున్నది. కట్టె సవరించుకున్నది. గుమాస్తా ఉన్నదిక్కు గాదు, నేనున్న దిక్కే తిరిగి, పోయొస్త సేటు అన్నది. మెల్లగ అన్నది. కోపం లేదు. అని మెట్లు దిగి పోయింది.

జర్దా వాసనొచ్చిందో, ఊపిరి ఇనవడ్డదో. నేనున్నట్టు ఆమెకు తెలుసు. పన్నెండేండ్ల సంది నేను ఎన్ని తీర్లు అనుకున్నా గది మాత్రం తెలుసు. ఆ రోజు నుంచి జర్దా బందు పెట్టిన. అందరు తాత ఆరోగ్యం సూసుకుంటున్నడు అనుకున్నరు.

మల్ల రాలే ఆమె. ఒక యేడు గడిచినంక భద్రు విత్తనాలకొచ్చి వాళ్లమ్మ సంగతి చెప్పిండు. మా యాడికి పొయ్యి కనవడ్తలేదు సేటు, రొట్టె తియ్యబోయి చెయ్యి కాల్చుకున్నది అన్నడు. గప్పుడు ఇగ నావల్ల గాలే. తెల్లారే కారేసుకోని పోయి సక్రమ్మను, భద్రును హనుమకొండల పెద్ద కండ్ల దవాఖానకు తోలుకపోయిన. తొవ్వ పొడుగూత ఆమె ఒళ్లె ఆ పాలితిన్. భద్రు ముచ్చటవెట్టిండు. నడుమల తండకు సర్కారోళ్లు క్యాంపు పెట్టిన్రట, నిజం డాక్టర్లు, నిజం బస్సు. సక్రమ్మ పోలేదట. నాకు సేటు దగ్గర నంబరున్నది, అక్కడొకటి ఇక్కడొకటి ఎందుకు, సేటు బాధపడ్తడు అన్నదట. కారు నేనే నడుపుతున్న. ఎట్ల నడిపిన్నో ఎర్క లేదు.

దవాఖానల డాక్టరమ్మ, చిన్న పిల్ల, నీ వయసుంటది, లోపల సూసి సూసి, ముందుగాల ఎక్కడన్న చూపిచ్చిన్రా అన్నది. సక్రమ్మకు ఎంత సంబురమో. ఇగో అమ్మా, డాక్టరు సూసిండు, రాసిండు గూడ అని కార్డు తీసిచ్చింది. ఆ పిల్ల కార్డు అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఎవరు సూసిన్రు ఇది అన్నది. భద్రు నా దిక్కు సూసిండు. క్యాంపుల సూసిన్రు మేడం అన్న. ఆమె మమ్ములనందరిని తిట్టింది. నీటికాసులు ఇవి, కంట్ల ప్రెషర్, అప్పుడే తెస్తె ఈ కుడి కన్నన్న దక్కేది, ఇప్పుడు పోయిన సూపు రాదు, ఇంటి దగ్గర ఏం చేస్తున్నరు ఇన్ని దినాలు అన్నది. భద్రు తలదించుకోని తిట్లు పడ్డడు. నా తిట్లు ఆయన పడ్డడు బిడ్డా. నేను పక్కన కుర్చీల ఇస్త్రీ అంగీతోని కూసున్న. ఇంత పుణ్యాత్ముడు, కారుల తోలుకొచ్చిండు అని ఆ పిల్ల నాతోని మర్యాదగ మాట్లాడింది.

ఇప్పటిదాంక చెప్పలే వాళ్లకు. పండుగకు దుప్పటి పంపుత, పులిహోర పంపుత. పంపుడు సులువు, పోయి చెప్పుడే కష్టం. ముందుగాల పని ఉన్నదన్న, మల్ల కరోనా అన్న, మల్ల మీ నాయినమ్మ పోయింది, మల్ల మోకాళ్లు. సక్రమ్మ ఉన్నది ఇంక. మంచంల కూసోని మిర్చి తొడిమలు తీస్తదట, చేతులతోని తడుముకుంట. ఆ షీల్డు బీరువ మీద ఎందుకు పెట్టనిచ్చిన్నో తెల్వదు. మీ నాయినమ్మ ఒక్కనాడు దాన్ని తుడువలే. అన్ని తుడిసేది, అది ఇడిసిపెట్టేది. 

అందుకే నీకు చెప్పేదేందంటె, ఆదివారం మీ సభ్యులనే కూసోవెట్టు లైన్ల. నవ్వుకుంటరు, నవ్వనీ. రోగులు తక్కువైతె నన్ను కూసోవెట్టు, నాకు నిజంగనే కండ్లల్ల పొరలున్నయ్. మార్కులు పోతె పోతయ్. తండకు మాత్రం... ఏందే? ఏందట్ల సూస్తున్నవ్?

"భద్రు మామకు నిన్ననే ఫోన్ చేసిన తాతా. ఓ నలభై మందిని తెస్తనన్నడు."

నిన్ననా.

డాక్టర్లు వస్తరా అని అడిగిండా?

"అడిగిండు."

నువ్వేమన్నవ్? చెప్పు బిడ్డా. నేను కోప్పడ. కోప్పడే మొఖం నాకేడిది. ఏమన్నవ్?

"అందరొస్తరు మామా, అన్న."

ఊఁ.

తల ఎత్తు. ఏడువకు. నీకు ఆ మాట ఏడికెల్లి వచ్చిందో నాకెర్కే, మన దుకాణంలకెల్లి వచ్చింది. సూడు, ఆయన తల్లి కన్ను పోయినంక గూడ మనం పిలిస్తె ఇంకా నలభై మందిని తెస్తనంటున్నడు. గంత నమ్మకం పెట్టుకున్నోళ్లను ఏం జేసినం మనం. లే, ముఖం కడుక్కో. ఆదివారానికి ఇంక నాలుగొద్దులున్నయ్. నీది ఇంకా మాటనే, ఎవ్వల కన్ను పోలే. ఫోన్ల చెప్పొద్దు, మనిషి ముంగట నిలవడి చెప్పాలె. మామా, నేను అబద్ధమాడిన, ఆ దినం డాక్టరు ఎవ్వలు రారు, మిర్చి ఇడిసిపెట్టి రావొద్దు అని నువ్వు చెప్పు. మన మాటల్నే చెప్పు, వచ్చాము వెళ్లాము వద్దు. నిజం డాక్టర్లను మాట్లాడి తేదీ దొరికినంక మల్ల మనమే తండకు పోదాం, ఆళ్లను రమ్మనుడు గాదు.

సక్రమ్మకు నేను చెప్త. మంచం కాడ కింద కూసోని చెప్త. ఏమంటదో తెల్వదు. ఆ టోకెను ఇంకా ఉంచుకున్నదో ఏమో, ఉంచుకుంటె అడిగి తీసుకుంట. ఆమె చేతుల అది ఉండొద్దు.

నా కట్టె ఏడవెట్టినవ్? ఆ తలుపెనక సూడు. బయ్యారం తొవ్వ మంచిగయిందంటున్నరు, పొద్దు గుంకక ముందు పోయి రావొచ్చు. ఆ ఫోను గూడ తెచ్చుకో, రికార్డింగ్ బందు పెట్టకు. నేను ఆడికి పోయినంక మాట తిప్పితె రేపు ఇనిపియ్యి నాకే.

ఇటు రా, తల వంచు. నీ దుకాణానికి ఎవ్వలొచ్చినా, వాళ్లకు కండ్లున్నా లేకున్నా, లేసి నిలవడి, ఉన్న సక్రమ్మా, ఇక్కన్నే ఉన్న అని చెప్పేటి బతుకు నీకు దొరకాలె బిడ్డా. నాకు దొరకలే. సల్లగుండు. నడువ్.